కంపెనీ లాయరు ఎవరి లాయరు? మోసం, అవినీతి దర్యాప్తుల్లో డిఫెన్స్ నడిచే తీరు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఒక మధ్యతరహా కంపెనీకి దర్యాప్తు సంస్థ నోటీసు వచ్చిందంటే ఫోన్లు దాదాపు ఒకే వరసలో వెళ్తాయి. మొదటిది ఆడిటర్ గారికి. రెండోది పలుకుబడి ఉన్న ఎవరో ఒక పెద్దమనిషికి. సాయంత్రానికో మర్నాటికో మూడోది లాయరుకు, అదీ ముందస్తు బెయిలు గురించి. మొదటి రెండు ఫోన్లూ రేపు కాల్ రికార్డుల్లో బయటపడి కొత్త ప్రశ్నలు పుట్టిస్తాయి. ఇక మూడోది చేసిన మనిషి కంపెనీ కోసం చేశాడా, తన కోసం చేశాడా అంటే ఆ క్షణాన అతనికే స్పష్టత ఉండదు. కేసు సగం అక్కడే చిక్కుపడుతుంది.

పెద్ద లా ఫర్ములు ‘వైట్ కాలర్ డిఫెన్స్’ అని పిలుచుకునే ఈ పనికి హైదరాబాద్, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. జనానికి కనిపించేది హైకోర్టులో సీనియర్ న్యాయవాది వాదన. అది చివర్లో వచ్చే ఘట్టం. అంతకుముందు నెలల తరబడి నడిచేదంతా ఓచర్లు, హార్డ్ డిస్కులు, గుమస్తాల వాంగ్మూలాలు, బోర్డు తీర్మానాలు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక ఉంది. శ్రీసిటీ పారిశ్రామికవాడలో విదేశీ కంపెనీల యూనిట్లను పక్కనపెడితే, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, గ్రానైట్ యూనిట్లు, పాల డెయిరీల్లో చాలా భాగం కుటుంబాల చేతిలోనివే. తండ్రి చైర్మన్, పెద్దకొడుకు ఎండీ, కోడలు డైరెక్టరు, బ్యాంకు చెక్కుల మీద బావమరిది సంతకం. వాళ్ల లెక్కలో కంపెనీ అంటే ఇల్లే. చట్టం మాత్రం కంపెనీని విడి మనిషిగా చూస్తుంది. జైలుశిక్ష తప్పనిసరి అయిన నేరంలో కూడా కంపెనీని విచారించి జరిమానా వేయొచ్చని 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని కంపెనీ నిందితురాలైనంత మాత్రాన డైరెక్టరు నిందితుడైపోడు. అతని పాత్రకు ఆధారం ఉండాలి, లేదా చట్టమే అతన్ని బాధ్యుణ్ని చేసి ఉండాలి. ఇది 2015లో సునీల్ భారతీ మిట్టల్ కేసులో వచ్చిన తీర్పు.

సత్యం వ్యవహారం దీనికి పాఠం లాంటిది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేనివేనని ఒప్పుకున్నారు. కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త బోర్డును పెట్టింది. ఆ ఏప్రిల్‌కల్లా కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. మనుషుల కేసు వేరే దారిలో నడిచి, 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. కంపెనీ బతకడానికి కావాల్సిన డిఫెన్స్, రాజుకు కావాల్సిన డిఫెన్స్ ఒక్కటి కాదు. ఇద్దరికీ ఒకే లాయరు ఉంటే ఎవరో ఒకరు మునగక తప్పదు.

అందుకే పద్ధతి తెలిసిన ఫర్ము మొదటి రోజు చేసేది వకాల్తా తీసుకోవడం కాదు, ఎంగేజ్‌మెంట్ లెటర్ రాయడం. క్లయింటు కంపెనీ అని అందులో పేరుపెట్టి రాస్తారు. ఎండీ కాదు, కుటుంబం కాదు. సూచనలు ఎవరి దగ్గర తీసుకోవాలో బోర్డు తీర్మానంతో ఖాయం చేసుకుంటారు. ఆరోపణ ఎండీ మీదే అయితే ఆయన ఆ కమిటీలో ఉండకూడదు. కుటుంబ కంపెనీలో ఈ మాట చెప్పడం కత్తిమీద సామే. “నా కంపెనీ గురించి నాకే చెప్పరా?” అని కోపం వస్తుంది. కోపం వస్తుందని ఈ ఒక్క కాగితం దాటేసిన ఫర్ములు ఆరు నెలలకు కేసు వదులుకుని పోవాల్సి వస్తుంది. పరస్పర విరుద్ధ ప్రయోజనాలున్న ఇద్దరి రహస్యాలూ అప్పటికి వాళ్ల కడుపులోనే ఉంటాయి మరి.

నోటీసులో ముందు చూడాల్సింది సెక్షన్

నోటీసు చేతికి రాగానే అనుభవం ఉన్న లాయరు కింద ఏం రాశారన్నది తర్వాత చూస్తాడు. ముందు పైన ఏ సెక్షన్ వేశారో చూస్తాడు. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో సెక్షన్ 94 అయితే పత్రాలు అడుగుతున్నారు. 179 అయితే సాక్షిగా పిలుస్తున్నారు. 35(3) అయితే అనుమానం ఆ మనిషి మీదే ఉంది, పిలిచినప్పుడల్లా వచ్చి సహకరిస్తే మామూలుగా అరెస్టు చేయరు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం సెక్షన్ 50 అయితే ఈడీ. కంపెనీల చట్టం 217 అని ఉంటే సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీసు, అంటే ఎస్‌ఎఫ్‌ఐఓ, లేదా ఆ చట్టం కింద వేసిన ఇన్‌స్పెక్టరు. జీఎస్టీ చట్టం 70 అయితే దొంగ ఇన్వాయిస్‌ల గురించో, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను సర్దుబాటు) గురించో.

ఎందుకింత పట్టింపు అంటే, చెప్పిన మాట విలువ సెక్షన్‌ను బట్టి మారిపోతుంది. పోలీసుల దగ్గర (ఏసీబీ, సీబీఐ కూడా ఇందులోకే వస్తాయి) దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు. విచారణలో అది ప్రధానంగా సాక్షి మాట మార్చాడని చూపడానికే పనికొస్తుంది. ఎస్‌ఎఫ్‌ఐఓ ముందయితే ప్రమాణం చేయించి రాసుకుంటారు, చదివి వినిపించి సంతకం తీసుకుంటారు, దాన్ని ఆ మనిషి మీదే సాక్ష్యంగా వాడొచ్చు. ఈడీ ముందు నిజం చెప్పి తీరాలన్న నిర్బంధం ఉంది, ఆ వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుంది. 2022 జూలై 27న విజయ్ మదన్‌లాల్ చౌధరి కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అదే అకౌంటెంటు, అవే ప్రశ్నలు, మూడు ఆఫీసుల్లో మూడు రకాల పర్యవసానం.

ఒక కేసు ఒక కేసుగానే ఆగదు. కంపెనీల చట్టం 447 కింద మోసం, అవినీతి నిరోధక చట్టం కింద లంచం, రెండూ మనీ లాండరింగ్ చట్టం షెడ్యూలులో, అంటే ఈడీ కేసుకు మూలం కాగల నేరాల జాబితాలో ఉన్నాయి. తిరుపతిలో ఏసీబీ పెట్టిన కేసు ఏడాది తిరిగేసరికి ఈడీ గుమ్మం తొక్కొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ అడిగి తెచ్చుకోవచ్చు. ఈడీ నమోదు చేసుకునే ఈసీఐఆర్‌ను మాత్రం నిందితుడికి ఇచ్చి తీరాలన్న నియమం లేదు. కాబట్టి ఈడీ సమన్లు వస్తే లాయరు ముందు వెతికేది దాని వెనకున్న మూల ఎఫ్‌ఐఆర్‌ను. అది కొట్టుడుపోతే ఈడీ కేసుకు కాళ్లుండవు.

తిరుమల లడ్డూ నెయ్యి వ్యవహారం ఇంకా కోర్టుల్లో ఉంది, దాని మంచిచెడ్డల జోలికి ఇక్కడ వెళ్లక్కర్లేదు. 2024 అక్టోబరు 4న సుప్రీంకోర్టు వేసిన దర్యాప్తు బృందం కూర్పును మాత్రం సరుకు సరఫరా చేసే ప్రతి కంపెనీ గమనించాలి. సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నుంచి ఒక సీనియర్ అధికారి. అంటే టెండరుకు సరుకు పోసిన కంపెనీ ల్యాబ్ రిపోర్టుకూ, టెండరు అర్హత పత్రాలకూ, ట్యాంకరు ఎక్కణ్నుంచి ఎక్కడికి కదిలిందన్న ఈ-వే బిల్లులకూ, డబ్బు వెళ్లిన దారికీ ఏకకాలంలో జవాబు చెప్పుకోవాలి. ఇవి నలుగురు వేర్వేరు నిపుణుల పనులు. ఫర్ముల విలువ చాలావరకు ఈ నలుగురినీ ఒకే కాలక్రమం మీద కూర్చోబెట్టడంలో ఉంటుంది.

ఆడిటర్ గారికి ఫోన్ చేస్తే తప్పేంటి?

లాయరుతో క్లయింటు చెప్పుకున్న మాటకు కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 132 కింద రక్షణ ఉంది. క్లయింటు ఒప్పుకుంటే తప్ప లాయరు దాన్ని బయటపెట్టకూడదు. చట్టవిరుద్ధమైన పని సాగించడానికి చెప్పిన మాటకు ఈ రక్షణ లేదు, లాయరును పెట్టుకున్న తర్వాత జరిగిన నేరానికీ లేదు. క్లయింటు వివరాల కోసం లాయర్లకు సమన్లు పంపడం మీద 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు కళ్లెం వేసింది. సెక్షన్ 132లోని మినహాయింపుల కిందికి వస్తేనే, అదీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక అనుమతి ఉంటేనే పిలవాలంది. అదే తీర్పులో ఇంకో సంగతి ఉంది. కంపెనీలో జీతం తీసుకుని పనిచేసే లీగల్ మేనేజరు కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది కాడు కనుక సెక్షన్ 132 రక్షణ అతనికి రాదు. చాలా కంపెనీల్లో సున్నితమైన మెయిళ్లన్నీ వెళ్లేది సరిగ్గా అతనికే.

ఆడిటర్ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఆయనతో మాట్లాడింది రహస్యం కాకపోగా, కంపెనీల చట్టం 143(12) ఆయన మెడ మీద కత్తిలా ఉంటుంది. కంపెనీ అధికారులో ఉద్యోగులో కోటి రూపాయలు, అంతకు మించి మోసం చేశారని నమ్మే కారణం కనిపిస్తే, తెలిసిన 2 రోజుల్లో బోర్డుకో ఆడిట్ కమిటీకో రాయాలి. జవాబుకు 45 రోజుల గడువు. జవాబు వచ్చిన 15 రోజుల్లో ఏడీటీ-4 ఫారంలో కేంద్రానికి పంపాలి. కంగారులో “సార్, ఆ మూడు కన్సల్టెన్సీ బిల్లులు మన ప్రసాదువే, పని ఏం జరగలేదు” అని ఫోన్‌లో చెప్పేసిన ఎండీ, ఆ ఒక్క వాక్యంతో ఆడిటర్‌కు ఈ గడియారం ఆన్ చేశాడు. ఆడిటర్ నమ్మకద్రోహం చేశాడని తర్వాత తిట్టుకోవడంలో అర్థం లేదు, చెప్పకపోతే ఆయన సభ్యత్వానికే ముప్పు.

లెక్కలు తవ్వే ఫోరెన్సిక్ అకౌంటెంటును కంపెనీ నేరుగా పెట్టుకోకుండా ఫర్ము చేత నియమింపజేసేది ఇందుకే. ఆయన నివేదిక లాయరుకు, న్యాయ సలహా కోసం. ఇలా చేసినంత మాత్రాన గోప్యత నూటికి నూరుపాళ్లూ నిలుస్తుందని హామీ లేదు, కోర్టులో వాదనకు తావుంది. అసలు ఓచర్లకూ బ్యాంకు స్టేట్‌మెంట్లకూ ఎలాగూ రక్షణ ఉండదు. లాయరు ఫైల్లో పెట్టినంత మాత్రాన ఇన్వాయిస్ రహస్యపత్రం అయిపోదు.

ఓచర్ల కట్ట

అంతర్గత విచారణలో మొదటి ఆజ్ఞ ఏదీ చెరపొద్దని. దీన్ని నోటిమాటగా కాక రాతలో, పేరుపేరునా, అందిందని సంతకం తీసుకుని ఇస్తారు. వాట్సాప్‌లో ఆటోమేటిక్‌గా మెసేజీలు పోయే సెట్టింగు ఆపించాలి. పాత ఫోను మార్చుకుంటామంటే ఆపాలి. ఆఫీసు సీసీ కెమెరా రికార్డరు కొద్దిరోజులకే పాతదాని మీద కొత్తది రాసుకుపోతుంది కాబట్టి దాన్ని ఆ రోజే తీసి పెట్టాలి. సాక్ష్యంగా రావాల్సిన పత్రాన్నో ఎలక్ట్రానిక్ రికార్డునో నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241 కింద మూడేళ్ల దాకా జైలు. కంపెనీ దర్యాప్తులో అయితే కంపెనీల చట్టం 229 దాన్ని నేరుగా 447 మోసం కిందికే తీసుకెళ్తుంది. అసలు ఆరోపణ నిలబడకపోయినా చెరిపిన నేరం నిలబడిపోయే ప్రమాదం ఉంది.

టాలీలో పాత తేదీ వేసి ఎంట్రీ సరిచేద్దామనే ఆలోచన ఇప్పటికీ చాలామందికి వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో అందులో పడుతుంది. నోటీసు వచ్చిన మర్నాడు మార్చిన ఎంట్రీ కంటే ప్రాసిక్యూషన్‌కు మంచి కానుక ఉండదు.

ఆ తర్వాత ఫోరెన్సిక్ వాళ్లు వచ్చి ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, సర్వర్ల నకళ్లు తీస్తారు. అసలు డిస్కులో ఒక్క బైటు కూడా మారకుండా రైట్ బ్లాకర్ పెట్టి తీస్తారు, నకలు అచ్చం అసలేనని చూపే హాష్ విలువ రాసుకుంటారు. సాక్ష్య అధినియమ్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హాష్ విలువ కనిపించాలి. దానికి రెండు భాగాలు. ఒకటి ఆ పరికరం ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడిని పిలిచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయిస్తే ఫైళ్ల తేదీలన్నీ మారిపోయి, కంపెనీకి అనుకూలమైన సాక్ష్యం కూడా పనికిరాకుండా పోతుంది.

వెతుకులాటలో ముంబై ఫర్ములు తరచూ బోల్తాపడేది భాష దగ్గర. వాళ్ల సాఫ్ట్‌వేర్ ‘బ్రైబ్’, ‘కిక్‌బ్యాక్’ అని వెతుకుతుంది. చిత్తూరులో ఎవరూ అలా రాయరు. ‘మామూలు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు. ‘టీ ఖర్చులు’, ‘ఆఫీసు ఖర్చు’, ‘పెద్దసార్‌కి’, ‘కవరు’, ‘మ్యాటర్ క్లియర్ చేసినా’. సగం సంభాషణ వాయిస్ మెసేజీల్లో ఉంటుంది, దాన్ని కీవర్డు పట్టుకోలేదు. రాయలసీమ మాట తెలిసిన జూనియర్ చెవులకు ఫోన్లు పెట్టుకుని వినాల్సిందే.

లెడ్జరులో అయితే ‘లయజన్ చార్జీలు’, ‘కన్సల్టెన్సీ’, ‘సండ్రీ’, ‘పూజ ఖర్చులు’ అన్న పద్దుల మీద ముందు చెయ్యి పడుతుంది. తిరుపతికి మాత్రమే ప్రత్యేకమైన పద్దు ఇంకొకటి ఉంది: దర్శనం. ఒక ఓచరు ఊహించుకోండి. ‘శ్రీవాణి 4, సార్ ఫ్యామిలీ, 42,000’. శ్రీవాణి ట్రస్టుకు ఒక్కొక్కరికి 10,000 విరాళం, దాని మీద 500 బ్రేక్ దర్శనం టికెట్టు, నలుగురికి సరిగ్గా అంతే అవుతుంది. దానికి పిన్ను చేసి ఇన్నోవా అద్దె బిల్లు, హోటలు గది బిల్లు. కంపెనీ వాళ్లు “స్వామి దర్శనం చేయించడం కూడా లంచమేనా సార్?” అని నిజాయితీగానే ఆశ్చర్యపోతారు. అవినీతి నిరోధక చట్టంలో అనుచిత లబ్ధి డబ్బు రూపంలోనే ఉండాలన్న నియమం లేదు. లాయరు అడిగే ప్రశ్నలు మూడే. ఆ సార్ ఎవరు? ఆ వారం అటూ ఇటూ ఆయన టేబుల్ మీద మన ఫైలు ఏదైనా ఉందా? టికెట్లు ఎవరి పేరున ఉన్నాయి? మూడోదానికి జవాబు కంపెనీ చెప్పకపోయినా రికార్డు చెబుతుంది, ఎందుకంటే దర్శనం టికెట్ మీద యాత్రికుల పేర్లు, గుర్తింపు కార్డు వివరాలు ఉంటాయి. రెండోదానికి జవాబు ‘అవును’ అయితే ఆ 42,000 ఓచరు మీద మిగతా కేసంతా కట్టొచ్చు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఇంకో రకం రిస్కు వచ్చింది. 2025 సీజనులో తోతాపురికి కిలో 12 రూపాయలు ధర కట్టి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా ఏర్పాటు చేశారు. బరువును బట్టి సర్కారు సొమ్ము వెళ్లే చోట వే బ్రిడ్జి చీటీ మామూలు కాగితంగా మిగలదు, సాక్ష్యంగా మారుతుంది. ఇలాంటి పథకంలో తేడా వచ్చిందన్న ఆరోపణ వస్తే తూకం చీటీ, గేటు రిజిస్టరు, రైతు ఖాతాలో పడ్డ డబ్బు, ఆ రోజు లైన్‌లో నడిచిన గుజ్జు టన్నులు, నాలుగూ కలిసొస్తున్నాయో లేదో చూస్తారు. కాయ నుంచి గుజ్జు ఎంత శాతం వస్తుందో ఫ్యాక్టరీ రికార్డే చెబుతుంది కాబట్టి రాని కాయను వచ్చినట్టు రాసుకుంటే గుజ్జు దగ్గర దొరికిపోతారు.

గుమస్తాతో మాట్లాడే ముందు

అకౌంట్స్ గుమస్తాను కూర్చోబెట్టి లాయరు ప్రశ్నలు మొదలుపెట్టకముందు చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పేరు మీద దీన్ని అప్‌జాన్ హెచ్చరిక అంటారు, మన ఫర్ములూ పాటిస్తున్నాయి. తెలుగులో ఇలా ఉంటుంది: “చూడండి, నేను కంపెనీ తరఫు లాయర్ని, మీ తరఫు కాదు. మీరు చెప్పేది బయటికి పోదు, కానీ ఆ రహస్యం మీద హక్కు కంపెనీది. రేపు బోర్డు అనుకుంటే మీరు చెప్పింది సీబీఐకి ఇవ్వొచ్చు, మిమ్మల్ని అడగక్కర్లేదు. మీకు సొంత లాయరు కావాలంటే ఇక్కడే ఆపేద్దాం.”

గుమస్తా జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. “మా సారే గదా మిమ్మల్ని పిలిపిచ్చింది, మీరు మా లాయరే గదా సార్?” ఆ మాట విన్నాక కూడా ముందుకెళ్లిపోతే, రేపు అతను నన్ను మోసం చేసి చెప్పించుకున్నారని కోర్టులో అనొచ్చు. మళ్లీ చెప్పాలి, అర్థమైందని నోట్సులో రాసుకోవాలి. కంపెనీ తరఫున ఒక లాయరు అడుగుతుంటే ఇంకో లాయరు రాసుకోవాలి. సంభాషణను రికార్డు చేయకపోవడమే మేలంటారు చాలామంది, ఎందుకంటే ఆ ఆడియో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు స్వాధీనం చేసుకుంటారు.

సోదా జరిగే రోజు పద్ధతి గురించి పేజీలకొద్దీ మాన్యువళ్లు ఉన్నాయి. పనికొచ్చేవి కొన్నే. వారంటు లేదా ఆథరైజేషన్ మీద ఉన్న చిరునామా ఈ ఆవరణదేనా చూడాలి. అధికారుల ప్రతి బృందం పక్కన ఒక మనిషిని ఉంచి ఏ గదిలోంచి ఏం తీశారో రాయించాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయడం పోలీసులకు బీఎన్‌ఎస్‌ఎస్ 105 కింద ఇప్పుడు తప్పనిసరి. లాయరు రాసిన మెయిళ్లున్న ల్యాప్‌టాప్ తీసుకుంటుంటే అడ్డుపడకూడదు, ఇందులో లాయరు సలహాలున్నాయన్న అభ్యంతరాన్ని పంచనామాలో రాయించాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు. అర్ధరాత్రి అలిసిపోయి పెట్టిన సంతకాన్ని మూడు నెలల తర్వాత ఒత్తిడితో పెట్టానంటే ఎవరూ నమ్మరు, ఆ మాట రెండు మూడు రోజుల్లోనే రాతపూర్వకంగా పంపాలి.

ఏడు రోజుల కిటికీ

2018 జూలై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ అవినీతి నిరోధక చట్టాన్ని కంపెనీలకు పూర్తిగా మార్చేసింది. లంచం ఇచ్చినవాడికి సెక్షన్ 8 కింద ఏడేళ్ల దాకా శిక్ష. ఇచ్చానని ఒప్పుకుంటూ చెప్పిన వాంగ్మూలానికి పాత చట్టంలో సెక్షన్ 24 కింద ఉన్న రక్షణ పోయింది. మిగిలింది ఒక చిన్న కిటికీ: బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఇచ్చిన 7 రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి, వాళ్లకు సహకరిస్తూ ఇస్తే అదీ నేరం కాదు.

ఈ 7 రోజులు మామిడి సీజనులో ఎంత చిన్నవో ఆలోచించండి. కాయ గేటు దగ్గర లారీల్లో మగ్గిపోతుంటే ఒక అనుమతి ఆగిందనుకుందాం. మేనేజరు జేబులోంచి ఇచ్చేసి, నెలాఖరుకు ‘సండ్రీ’ కింద తీసుకుంటాడు. ఎండీకి తెలిసేసరికి కిటికీ మూసుకుపోయి ఉంటుంది. ఎండీ ఆ ఓచరు మీద సంతకం పెట్టాడంటే సెక్షన్ 10 కిందికి, అంటే అతని సమ్మతితోనో చూసీచూడనట్టు వదిలేయడం వల్లనో జరిగిందన్న ఆరోపణ కిందికి వస్తాడు. అక్కడ కనీస శిక్షే మూడేళ్లు. కంపెనీకి సెక్షన్ 9 కింద జరిమానా, దానికి గరిష్ఠ పరిమితి రాయలేదు. లంచం ఇచ్చింది ఉద్యోగి అయితే అతను కంపెనీ తరఫు మనిషేనని చట్టం ముందుగానే అనుకుంటుంది. కన్సల్టెంటు, ఏజెంటు కూడా ఈ వల దాటిపోలేరు.

సెక్షన్ 9లో కంపెనీకి ఉన్న ఒకే మంచి డిఫెన్స్, తగిన నివారణ పద్ధతులు ముందే పెట్టుకున్నామని చూపడం. గోడకు అంటించిన అవినీతి వ్యతిరేక పాలసీ దానికి సరిపోదు. ఏజెంటును పెట్టుకునే ముందు ఎవరు విచారించారు, అతను చేసిన పనికి రుజువేంటి, 7 రోజుల నిబంధన ఫ్యాక్టరీ మేనేజరుకు తెలుగులో ఎప్పుడు చెప్పారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏం చేశారు. ఇవన్నీ లంచానికి ముందు తేదీలతో ఉండాలి.

ఏజెంటు బిల్లుల విషయంలో క్యాడ్‌బరీ ఇండియా ఉదంతం చూడదగ్గది. హిమాచల్‌లోని బద్దీ ఫ్యాక్టరీ లైసెన్సుల కోసం పెట్టుకున్న ఏజెంటుకు 2010లో ఐదు ఇన్వాయిస్‌ల మీద 90,666 డాలర్లు వెళ్లాయి. చేశానని ఏజెంటు బిల్లేసిన దరఖాస్తులు రాసింది కంపెనీ ఉద్యోగులేనని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ పట్టుకుంది. 2017 జనవరిలో మాతృసంస్థ మాండలీజ్ ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా 1.3 కోట్ల డాలర్లు కట్టింది. లెక్కలు సరిగా రాయలేదన్నదే అక్కడ ప్రధాన ఆరోపణ. శ్రీసిటీలో విదేశీ మాతృసంస్థ ఉన్న ప్రతి యూనిట్ ఇదే వలయంలో ఉంది. లంచం ఇచ్చింది సత్యవేడు పరిసరాల్లో అయినా ప్రశ్నలు వాషింగ్టన్ నుంచో లండన్ నుంచో రావొచ్చు.

ముందే వెళ్లి చెప్పేస్తే లాభమా అన్నది అందుకే దేశాన్ని బట్టి మారుతుంది. చెన్నైలో క్యాంపస్ ప్లానింగ్ అనుమతికి 20 లక్షల డాలర్ల లంచానికి ఒప్పుకున్నారన్న వ్యవహారాన్ని కాగ్నిజెంట్ తనంత తానే అమెరికా అధికారులకు చెప్పింది. 2019లో ఎస్‌ఈసీకి దాదాపు 2.5 కోట్ల డాలర్లు కట్టింది, న్యాయశాఖ కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఇద్దరు మాజీ అధికారుల మీద మాత్రం పెట్టింది, 2025 ఏప్రిల్‌లో ఆ కేసునూ ఉపసంహరించుకుంది. ఈ మధ్యలో అంతర్గత విచారణ సారాంశాన్ని ప్రభుత్వానికి చెప్పడంతో ఆ మేరకు లాయరు గోప్యత పోయిందని అమెరికా కోర్టు తేల్చింది. మన దగ్గర ఇలా చెప్పుకుంటే కేసు వాయిదా వేసే ఒప్పందాలు చట్టంలో లేవు. లిస్టెడ్ కంపెనీకి సెబీ సెటిల్‌మెంట్ ఉంది, జీఎస్టీలో కాంపౌండింగ్ (సొమ్ము కట్టి కేసు ముగించుకోవడం) ఉంది, కంపెనీల చట్టం 447కు ఆ దారి లేదు. అమెరికాలో లాభించిన ఒప్పుకోలు ఇక్కడ ఎఫ్‌ఐఆర్‌కు ముడిసరుకు అవుతుంది.

బెయిలు, ఖాతాలు, ఫీజులు

కంపెనీల చట్టం 447లో మోసం విలువ 10 లక్షలు లేదా టర్నోవరులో ఒక శాతం, ఏది తక్కువైతే అంతకు చేరితే 6 నెలల నుంచి పదేళ్ల జైలు, మోసం మొత్తానికి తగ్గకుండా మూడు రెట్ల దాకా జరిమానా. ప్రజాప్రయోజనం ముడిపడి ఉంటే కనీసం మూడేళ్లు. అందులోనూ, మనీ లాండరింగ్‌లోనూ బెయిలుకు జంట షరతులున్నాయి: నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బెయిలు మీద మళ్లీ చేయడని కోర్టుకు అనిపించాలి. మనీ లాండరింగ్‌లో మొత్తం కోటి లోపు అయితే ఆ షరతుల నుంచి మినహాయింపు పొందే వీలుంది కాబట్టి, నేర ఫలం, అంటే నేరం వల్ల వచ్చిన సొమ్ము ఎంత అన్న లెక్క దగ్గర లాయర్లు అంత పోరాడతారు. అరెస్టు కారణాలు ఈడీ రాతపూర్వకంగా ఇవ్వాలని 2023 అక్టోబరు 3న పంకజ్ బన్సల్ కేసులో తీర్పు వచ్చింది. ఆ కాగితం ఇచ్చారా లేదా అన్నది అరెస్టయిన గంట నుంచే చూసుకోవాలి.

కంపెనీకి మాత్రం అరెస్టు కన్నా ఖాతా స్తంభింపే ప్రాణాంతకం. ఈడీ తాత్కాలిక జప్తు 180 రోజులు నిలుస్తుంది, ఈలోగా జప్తును విచారించే అడ్జుడికేటింగ్ అథారిటీ ధ్రువీకరించాలి. ఆర్నెల్లు రైతులకూ కూలీలకూ డబ్బివ్వలేని ఫ్యాక్టరీ, కేసు గెలిచినా తెరుచుకోదు. అందుకే అమరావతిలో హైకోర్టుకు కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్‌తో పరుగెత్తేముందు, అనుమానిత మొత్తానికి సమానమైన డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో పెడతాం, జీతాల ఖాతా వదలండని దర్యాప్తు అధికారికి, తర్వాత కోర్టుకు రాయడం తెలివైన పని. ఆ దరఖాస్తుకు జత చేసే జీతాల పట్టిక, రైతుల బకాయిల జాబితా, జీఎస్టీ చెల్లింపు గడువులు ముందే తయారుగా ఉండాలి.

ఇక ఎండీ సొంత లాయరు ఫీజు ఎవరు కట్టాలన్నది కుటుంబ కంపెనీల్లో అడగనే అడగరు, కంపెనీ చెక్కు వెళ్లిపోతుంది. ఆ చెక్కు తర్వాత ఇంకో ఆరోపణకు విత్తనం. కట్టొచ్చు, కానీ బోర్డు తీర్మానం ఉండాలి, ఎండీ, ఆయనతో ప్రయోజనం ముడిపడిన బంధువులు ఆ చర్చలో పాల్గొనకూడదు, దోషిగా తేలితే తిరిగి కడతానని ఆయన రాసివ్వాలి. డైరెక్టర్ల బాధ్యత ఇన్సూరెన్సు ఉంటే చాలా పాలసీలు తుది తీర్పు దాకా డిఫెన్స్ ఖర్చు భరిస్తాయి. నోటీసు సంగతి పాలసీ కాలంలోనే, ఆలస్యం లేకుండా ఇన్సూరెన్సు కంపెనీకి రాతలో తెలపాలన్న షరతు వాటిలో ఉంటుంది. ముందుగా అనుమతి తీసుకోకుండా పెట్టుకున్న లాయరు ఫీజును అవి తరచూ తిరగ్గొడతాయి కూడా. కాబట్టి నోటీసు వచ్చిన రోజు ఎంగేజ్‌మెంట్ లెటర్‌తో పాటు బీరువాలోంచి తీయాల్సిన రెండో కాగితం ఆ పాలసీ.